మూడో ఊళ్ళో కాలు బెణకాలి

"కాలు మూడో ఊళ్ళోనే బెణకాలి. అక్కడే మెట్లెక్కువ," అన్నాడు యోగానంద్.

"ఎవరి కాలు?" అంది మృదుల.

"నాదే."

మృదుల తృప్తిపడి టీ కప్పు అందుకుంది.

టెక్సస్‌లోని కాపెల్‌లో వాళ్ళింటి హాల్లో పొద్దున్నుంచీ ఇదే పని. ఇటలీలో సముద్రం ఒడ్డున, కొండ అంచుకి రంగురంగుల అగ్గిపెట్టెలు అంటించినట్టుండే ఐదు ఊళ్ళు. ఫ్లోరెన్స్‌లో తెల్లారగట్ల రైలెక్కి, ఐదూ ఒక్క రోజులో చూసి, రాత్రికి మళ్ళీ హోటల్‌కి చేరాలి. కంప్యూటర్ తెరమీద మ్యాపు, పక్కనే రైళ్ళ టైములు. రాధారాణి ఎరువిచ్చిన ఎర్ర సూట్‌కేసు మీద కాళ్ళు బారజాపుకుని యోగానంద్ ఒక్కో రైలూ చూసుకుంటున్నాడు.

ఆ రాధారాణితోనే చిక్కు. కాపెల్ తెలుగువాళ్ళలో ఆ ఐదూళ్ళూ ఒక్క రోజులో చుట్టొచ్చిన మొదటి మనిషి ఆవిడ. ఆర్కుట్ నిండా ఆ ఫొటోలే. ఎవరింట్లో భోజనాలకి కలిసినా సరే, పప్పులో నెయ్యి పడేలోపు వినేవాళ్ళని మొదటి ఊళ్ళో దింపుతుంది, పెరుగన్నానికి ఐదో ఊరు దాటిస్తుంది. కిందటేడు శ్యామ్‌సుందర్ దంపతులు పాపం మూడు ఊళ్ళే చూసి వచ్చారు. "మూడూళ్ళతో ఇటలీ చూశామంటే, మూడు ముళ్ళలో ఒకటే వేసి పెళ్ళయిందన్నట్టు," అందావిడ. ఆ రోజు నుంచీ ఆయన మూడూళ్ళ శ్యామ్‌సుందర్. మంచి గుండె డాక్టరు. ఆ సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు.

ఆవిడింట్లోనే ఈ సాయంత్రం భోజనాలు. ఐదూళ్ళ గురించి అడక్క మానదు. ఎక్కడ కన్నం కనబడినా మృదులకీ ఒక పేరు పడుతుంది. అది పచ్చబొట్టు లాంటిది, చచ్చేదాకా పోదు. అందుకే మొగుడూ పెళ్ళాలది ఒకే మాటగా ఉండాలని ఆమె పట్టు.

యోగానంద్ ఆఫీసులో చేసేది టెస్టింగ్. ఏ ప్రోగ్రాం ఎక్కడ చతికిలబడుతుందో ఊహించి పెట్టడమే ఆయన ఉద్యోగం. ఏదైనా సాఫీగా నడిచిందంటే ఆయనకి అనుమానం. కనక ఏ ఊళ్ళో ఏం చెడాలో కూడా ప్లాన్‌లోకి ఎక్కించాడు.

"అన్నీ చక్కగా జరిగితే అది ప్రయాణమెట్లా అవుతుంది?" అన్నాడు.

మృదులకి సబబుగానే తోచింది. మొదటి ఊళ్ళో ఐస్‌క్రీమ్ అనుకున్నారు. రెండో ఊళ్ళో చిన్న తగువు. దేని గురించి తగువన్న దాని మీద కాసేపు నిజం తగువే అయింది. ఆయన వాళ్ళ చెల్లెలి ఊసు ఆమె ఎత్తకూడదనీ, ఆమె వంట ఊసు ఆయన ఎత్తకూడదనీ తేల్చుకుని, చివరికి నీళ్ళ సీసా మీద రాజీపడ్డారు.

భోజనం నాలుగో ఊళ్ళో. యోగానంద్‌కి వేయించిన నెత్తళ్ళు. శాకాహారి కాబట్టి మృదులకి తులసి లాంటి ఆకేదో నూరి కలిపిన పాస్తా.

"బావుంటుందా?" అంది.

ఆయన వెబ్‌సైట్‌లో ఎవరెవరు ఏం రాశారో వెతికి, ఉప్పు తక్కువన్నాడు. ఉప్పు తక్కువ, ఉప్పు తక్కువ అని ఆమె ఎక్కాలు వల్లించినట్టు లోలోపల అనుకుంది.

తర్వాత కెమెరా. దాని బ్యాటరీ మొదటి ఊళ్ళోనే అయిపోవాలని ఆయన లెక్క. ఛార్జర్ సంగతేంటని ఆమె అడిగింది.

"హోటల్లో మర్చిపోతాం."

"నేనెందుకు మర్చిపోతాను? మీరే మర్చిపోండి."

అలాగేనన్నాడు. ఆ రోజు అక్కడ వాన ఉందో లేదో కూడా చూశాడు. మబ్బు తునక లేదు, ఒకటే ఎండ. మృదుల లేచి, కుర్చీ ఒకటి పెరట్లోకి ఈడ్చుకెళ్ళింది. టెక్సస్ ఎండ పెనం మీద నూనెలా కాగుతోంది. ముక్కుని దానికి అప్పగించి కూర్చుంది. మిగతా ప్లానింగ్ తలుపు సందులోంచి జరిగింది.

యోగానంద్ లేచి కుంటి చూశాడు. టెస్ట్ చెయ్యకుండా దేన్నీ వదిలే మనిషి కాదు. సోఫా నుంచి ఫ్రిజ్ దాకా కుడికాలు, ఫ్రిజ్ నుంచి సోఫా దాకా ఎడమకాలు.

"ఎడమకాలే ఖాయం చెయ్యండి," అంది మృదుల పెరట్లోంచి. "కుడికాలైతే కారు డ్రైవ్ చెయ్యలేరు."

"సరే. ఇక పొద్దున ఐదింటికి అలారం..."

కుర్చీ కిర్రుమంది.

"అలారం మాట మీ నోటెంట వచ్చిందంటే ఊరుకోను."

యోగానంద్ తలొంచుకున్నాడు. భూగోళంలో ఏ మూలకి తీసుకెళ్ళినా ఆయన ఫోన్ మాత్రం కాపెల్ టైమే చూపిస్తుంది. కాపెల్‌లో పొద్దున ఐదంటే ఇటలీలో మిట్టమధ్యాహ్నం. ఊరూవాడా ప్రోగ్రాములన్నీ పరీక్షించే మనిషికి ఆ ఒక్క మీట నొక్కడం గుర్తుండదు.

అంతలో బెల్లు మోగింది. వచ్చింది రాధారాణి. సాయంత్రం దాకా ఆగేలా లేదు. హైదరాబాద్ వెళ్ళే తమ్ముడికి తన సూట్‌కేసు కావాలట.

తలుపు తీయబోతూ ఏ కాలో మర్చిపోయి, యోగానంద్ రెండు కాళ్ళతోనూ కుంటుకుంటూ వెళ్ళాడు. పెరట్లోంచి మృదుల పరుగెత్తుకొచ్చింది. ముక్కు దొండపండులా ఉంది. రాధారాణి ఆ కాళ్ళ వంక చూసింది. ఆ ముక్కు వంక చూసింది. సూట్‌కేసు పిడి పట్టుకుని తీరిగ్గా అడిగింది.

"ఇటలీ నుంచి దిగి వారమైంది, ఒక్క ఫొటో అన్నా పెట్టలేదు, ఇంతకీ ఆ ఐదూళ్ళూ చూశారా, హోటల్లో పడి నిద్రపోయారా?"