ఒకసారి పడ్డాక

ఈస్టర్ సెలవులు అయిపోయి రెండు వారాలు దాటినా స్టుర్లా ఒక్క వీడియో గేముకీ మార్కు వేయలేదు. నార్వేలోని బెర్గెన్ ఊరి పాఠకులకు ఊపిరాడటం లేదు.

స్టుర్లా మామూలు విమర్శకుడు కాదు. టీవీ పోటీలనూ వీడియో గేములనూ ఉతికి ఆరేసే మనిషి. ఆయన వేసిన మార్కు పేపర్లో చిన్న చదరంలో నల్లచుక్కలుగా అచ్చవుతుంది. ఆరు చుక్కలంటే అద్భుతం. ఒక్క చుక్కంటే, ఆ గేము చేసినవాళ్లు ఇంకో వృత్తి చూసుకోవడం మంచిది. దేనికి ఎన్ని పడతాయో ఇన్నేళ్లుగా ఎవరూ ఊహించలేకపోయారు. విశ్వవిద్యాలయంలో ఒకావిడ ఆయన అభిరుచిలోని లోతు గురించి గంటసేపు ఉపన్యసించి, ఆ లోతు తనకూ అందలేదని ఒప్పుకుంది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

గురువారం మధ్యాహ్నాలు పేపరు వెబ్‌సైటులో ఆయన పాఠకులతో ముచ్చట్లాడతాడు. ఆ గురువారం బయట వాన. అంటే బెర్గెన్‌లో మామూలు రోజే.

మొదటి ప్రశ్న కొత్త టీవీ పోటీ గురించి వచ్చింది. పదిమందిని ఒక లైట్‌హౌసులో పెట్టి, వారానికొకరిని పడవెక్కించి ఇంటికి పంపే పోటీ అది. ముందురోజు రాత్రి ఒక చేపల వ్యాపారిని పంపేశారు. అది న్యాయమేనా అని అస్కోయ్ అవ్వ అనే పేరుతో రాసే పాఠకురాలు నిలదీసింది.

"న్యాయమా?" అని రాశాడు స్టుర్లా. "జడ్జీలు ముందు తీర్పు రాసుకున్నారు. తర్వాత కారణాలు వెతుక్కున్నారు. మధ్యలో కాసేపు ఏడ్చారు. దానికన్నా చీటీలు వేసి పంపితే నిజాయితీగా ఉండేది, అవ్వా."

"నీ మార్కులు మాత్రం నిప్పుతో కడిగినవా నాయనా?"

"నా మార్కు మీద ఎవరి ఒత్తిడీ పనిచేయదు. ప్రకటనల వాళ్లదీ పనిచేయదు, స్నేహితులదీ పనిచేయదు. చివరికి నాది కూడా."

తెరమీద ఎర్ర గుండెల గుర్తులు కురిశాయి.

అప్పుడు ఆ ముచ్చట్లలోకి యోరున్ వచ్చింది.

యోరున్, ఆమె స్నేహితురాలు కలిసి రొట్టెల దుకాణం మేడమీద రెండు బల్లలు వేసుకుని నాలుగేళ్లు ఒకే గేము చేశారు. పొగమంచులో ఒక పాత పడవ నడుపుతూ జనాన్ని అవతలి రేవుకు చేర్చాలి. అంతే. తుపాకులు లేవు. వచ్చే ఏడాది కూడా ఆ రెండు బల్లలూ అక్కడే ఉండాలంటే గ్రాంటు రావాలి. ఏదైనా పెద్ద పేపర్లో నాలుగు చుక్కలు పడితేనే దరఖాస్తు తెరుస్తామన్నారు గ్రాంటు ఇచ్చేవాళ్లు. గడువు ఆ సాయంత్రమే. మిగతా పేపర్లు తుపాకులు లేవని చూసి పక్కన పెట్టేశాయి. చూస్తానన్నది స్టుర్లా ఒక్కడే. అదీ ఈస్టర్‌కు ముందు.

"స్టుర్లా, పడవ గేము చేసింది నేనే," అని రాసింది. "ఇవాళైనా వేస్తావా?"

"ఇవాళే వేస్తాను. గ్రో రావాలి."

గ్రో ఆయన భార్య. ఈస్టర్‌కి అందరిలాగే వీళ్లూ కొండమీది చెక్క ఇంటికి వెళ్లారు. పగలంతా మంచుమీద తిరిగారు, సాయంత్రాలు బావమరిది పిల్లలతో ఆటలాడారు, నారింజలు ఒలుచుకు తిన్నారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన పని సామాను అక్కడే మర్చిపోయాడు. అది లేకపోతే మార్కు వేయలేనని మొండికేశాడు. కళ్లజోడు కాబోలనుకున్నారు ఆఫీసులో. కళ్లజోడు ముక్కుమీదే ఉంది. అయితే ఇంకో కళ్లజోడు కాబోలని సర్దుకున్నారు. గొప్పవాళ్ల విషయంలో ఆమాత్రం సర్దుకోవాలి. ఆ గురువారం తెల్లారేసరికే గ్రో దానికోసం కారు తీసుకుని కొండెక్కింది.

"అసలు ఆడి చూశావా?" అని అడిగింది యోరున్.

"రెండుసార్లు. ఆఖర్న ఆ ముసలామె రేవులో దిగి వెనక్కి చూసినప్పుడు, లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను."

"అంటే నచ్చినట్టేనా?"

"చాలా నచ్చింది. కానీ నచ్చడానికీ మార్కుకీ సంబంధం లేదు, తల్లీ."

పాఠకులు పరవశించిపోయారు. విమర్శంటే ఇదీ అన్నారు. తడిసిన సాక్సు అనే పేరుగల ఒకతను మాత్రం ఊరుకోలేదు.

"అంత నచ్చితే ఓ నాలుగు పడేయవయ్యా, నీ సొమ్మేం పోయింది?"

"నా చేతిలో ఉంటే పడేసేవాణ్ణే. వేయడం వరకే నా పని. ఎంత పడితే అంత. ఒకసారి పడ్డాక మార్చను."

ఆ వాక్యాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటానని అస్కోయ్ అవ్వ ప్రకటించింది. యోరున్ ఏమీ ప్రకటించలేదు. "సరే. ఇక్కడే కూర్చుని ఉన్నాను," అని మాత్రం రాసింది.

వానకోటు నుంచి నీళ్లు కారుతుండగా గ్రో లోపలికొచ్చింది. ఒక అగ్గిపెట్టె తీసి ఆయన చేతిలో పెట్టింది.

"సోఫా కింద దొరికింది. పిల్లలు తన్నేసుంటారు. దీనికోసం కొండెక్కించావు. వీధి చివర కొట్లో ఇలాంటివి బోలెడు ఉంటాయి కదా?"

"వాటిమీద నాకు నమ్మకం లేదు," అన్నాడు స్టుర్లా.

పాఠకులను ఒక్క నిమిషం ఆగమన్నాడు. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. బల్లమీది కాగితాలు పక్కకు జరిపి కాస్త చోటు చేసుకున్నాడు. ఆ పడవనూ ఆ ముసలామెనూ ఒకసారి తలుచుకుని, ఈసారి నిజంగానే మంచి మార్కు పడాలని కోరుకున్నాడు.

అగ్గిపెట్టె తెరిచి, అందులోని పాచికను రెండు అరచేతుల మధ్య గలగలలాడించి బల్లమీద వేస్తే, అది నాలుగు చూపించబోయి, కాఫీ కప్పుకు తగిలి, రెండు చుక్కల మీద ఆగింది.