వెనక భుజం

చెరువు కట్ట ఎక్కేసరికి చెన్నయ్య తొడలు వణికాయి. ఏడాదిగా ఇదే వరస.

ముందు చెన్నయ్య, వెనక మేనల్లుడు కొండల్. ఇద్దరి భుజాల మీద ఒకే కర్ర. కర్రకు వేలాడే చేపల గంప. దొర గడీకి వెట్టి చేపలు మోయడం బెస్తవాళ్ల వంతు. మోసినవాడికే ఇబ్రహీంపట్నం చెరువులో వల వేసే హక్కు. మోయలేనివాడి వల గట్టు మీద ఎండాల్సిందే. చెన్నయ్య ముప్పై ఏళ్లుగా ఆ హక్కును భుజం మీదే నిలుపుకున్నాడు.

"జర ఆగుదమా మామా?"

"ఎందుకురా? లగ్గం కాకముందే నడుము వంగిందా?"

కొండల్ నవ్వాడు. గడీ ముందు గంప దించగానే చెన్నయ్య కళ్లు మూసుకుని కూలబడ్డాడు.

ఊళ్లో వైద్యం చేసే హకీం నాడి చూశాడు.

"వయసుల ఉన్నప్పుడు ముంతెడు అంబలి తాగి రెండుసార్లు గడీకి పోయొస్తుంటివి. ఇప్పుడు నీ కండ తడి కట్టె లెక్కయింది చెన్నా. తిన్నదంత పొగకే పోతది, మంట రాదు."

"తడి కట్టెనా? నిన్ను ఎత్తి చెరువుల ఏస్త, చూస్తవా?" అని చెన్నయ్య లేచి వచ్చేశాడు.

దారిలో తట్టింది. గంప కర్ర నడుమ ఉంటే ఇద్దరికీ బరువు సమానం. ఎవరి దిక్కు జరిపితే వాడికే ఎక్కువ. గంప కట్టేది కొండల్. ఏడాది కింద తనే పట్టుబట్టాడు, "నువ్వు ముందర నిలబడు మామా, నేను కడత" అని. నడుస్తూ తల తిప్పబోతే, "ఎనుకకు చూడకు, జారిపడ్తవ్" అంటాడు.

ఇంటికొచ్చి భార్య ఈదమ్మతో అన్నాడు, "తల్లి లేని పోరడని ఈ భుజం మీదనే ఎత్తుకొని పెంచిన. గంప నా దిక్కు జరిపి దీనికే మోసం చేసిండు."

"కొండలా? చేప తల సుత నీ కంచంలనే ఏస్తడు గదయ్యా."

"గందుకే నమ్మిన."

కుల పంచాయితీ కూర్చుంది. కులపెద్ద అడిగాడు.

"గంప జరిపినవారా?"

కొండల్ మామ వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"అవ్. జరిపిన."

"ఎందుకు?"

ఎంత గద్దించినా నోరు విప్పలేదు. ఈ ఏడు అతని వల చెరువులో పడకూడదని తీర్పు చెప్పారు. కొండల్ వల మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. అతను నడిచిన దారిలో చెన్నయ్య ఉమ్మేశాడు.

మరునాడు పొద్దున కొండల్ బదులు కులపెద్ద కొడుకు సంజీవ వెనక నిలబడ్డాడు. చెన్నయ్య కర్రను దారంతో కొలిచి, సరిగ్గా నడుమ తనే గంప కట్టాడు. అందరికీ చూపించాడు.

"ఇగ చూడుండ్రి, తడి కట్టెనో కాదో."

భుజం పెట్టి లేవబోయాడు. సగం లేచి కూలబడ్డాడు. మళ్లీ ప్రయత్నించాడు. మూడోసారి కర్ర పట్టుకుని నేల మీదే ఉండిపోయాడు.

"తాడు నా దిక్కు జరిగినట్టుంది," అంటూ వెనక్కి తిరిగి చేత్తో తడిమాడు.

ముడి కట్టిన చోటే ఉంది. దానికి మూరెడు అవతల, కొండల్ భుజం పెట్టే కొన దిక్కున, ఏడాది పొడుగునా తాడు రాసుకుని నునుపెక్కిన గాడి అతని వేళ్లకు తగిలింది.