చెప్పింది చెప్పినట్టు

"రక్తం అబద్ధమాడదు జగ్గమ్మా. పిల్లల కూడు ఎవరు మింగుతున్నారో తేలిపోతుంది" అంది విజయ కుమారి, ఆసుపత్రి బల్ల మీద ఓ చివరకు జరుగుతూ. జగ్గమ్మ కూర్చున్నాక ఆ బల్ల మీద ఇంకెవరికీ చోటుండదు.

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో రేవు కూలీల ఆడపిల్లలకు చర్చి నడిపే హాస్టలుకు విజయ కుమారి వార్డెను. జగ్గమ్మ వంటమనిషి. వండేది పిల్లలకు, ఒళ్లు చేసేది తను. దొంగతిండి కాకపోతే ఆ పుట్టెడు ఒళ్లు ఎక్కడిది? ఎప్పుడో పంపించేసేదే. జగ్గమ్మ మొగుడు రేవులో నడుం విరగ్గొట్టుకుని మంచాన ఉన్నాడు, ఆమె జీతమే ఇంటికి ఆధారమని పాస్టరుగారు అడ్డుపడ్డారు. ఆయనే ఈ బెంగాలీ డాక్టరు దగ్గరకు పంపారు.

డాక్టరు విదేశంలో కొత్త పరీక్ష నేర్చుకొచ్చాడు. రక్తంలో ఇన్సులిన్ మరీ ఎక్కువుంటే కొంచెం తిన్నా ఒళ్లు వస్తుందట. జగ్గమ్మకు అలా ఉంటే ఉద్యోగం నిలబడుతుంది. లేకపోతే మూట కట్టుకోవడమే. పోలికకు సన్నటి మనిషి కూడా కావాలంటే విజయ కుమారి సరేనంది.

తిండిపోతుతనానికి కూడా ఓ రోగం పేరు! ఆమె మూతి విరిచింది.

ముందురోజు నర్సు బెంగాలీలో గబగబా జాగ్రత్తలు చెప్పింది. జగ్గమ్మ గుడ్లప్పగించి చూసింది. ఇన్నేళ్లు కలకత్తాలో ఉండి ఒక్క ముక్క రాదు, మొద్దు! విజయ కుమారి అలా కాదు. హాస్టల్లో పొద్దుటి టిఫిన్‌ని కూడా జొల్‌ఖాబార్ అనే అంటుంది. నర్సు మాటలు జగ్గమ్మకు తెలుగులో విడమరిచి చెప్పింది. తను మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసి వచ్చింది.

"మరి నువ్వు చెప్పినట్టు చేశావా?" అని ఇప్పుడు జగ్గమ్మను నిలదీసింది.

జగ్గమ్మ తల దించుకుంది. "నేదమ్మా. కంచం ముందర కూకున్నాక నా వల్ల కానేదు. తప్పయిపోనాది."

"ఒక్క పూట చెప్పిన మాట వినలేవూ! ఛీ!"

విజయ కుమారి ఈ సంగతి నర్సుకు చెప్పలేదు. రక్తమే చెబుతుంది. చేతిరుమాలుతో వేళ్లు తుడుచుకుని, దర్జాగా చెయ్యి చాపింది.

వారం తిరిగాక డాక్టరు ఇద్దరినీ పిలిచాడు. చిరాకుగా ఉన్నాడు.

"మీలో ఒకరు చెప్పినట్టు చెయ్యలేదు. ఆ రక్తం దేనికీ పనికిరాదు."

మాట అర్థం కాకపోయినా ఆయన చిరాకు చూసి జగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నాకు ముందే తెలుసు డాక్టర్‌బాబూ" అంది విజయ కుమారి, తన చక్కటి బెంగాలీలో. "ఇదే, ఈ మొద్దే. రేపటినుంచి మా హాస్టల్లో ఉండదు."

డాక్టరు కళ్లజోడు తీసి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఆవిడ ఏమీ తినకుండానే వచ్చింది, పరగడుపునే ఇన్సులిన్ బోలెడుంది, ఆవిడ జోలికి వెళ్లకండి, మా నర్సు 'శుధు జొల్ ఖేయె' రమ్మన్నది ఉత్త నీళ్లు తాగి రమ్మని, మీలా కడుపునిండా జొల్‌ఖాబార్ లాగించి రమ్మని కాదు!"