ఎవరింటికయ్యా?

రాసుకో కీర్తనా. మీ అమ్మ బెజవాడ నుంచి వచ్చేలోగా అయిపోవాలి.

ఆ ఓనరు గారికి ఏటా ఎండురొయ్యలు మనమెందుకివ్వాలని పొద్దున అడిగావు గదా. మీ అమ్మ సంచీ పట్టుకుని బస్సెక్కేసింది కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

తొంభై నాలుగులో మీ అమ్మకు ఆటోనగర్‌లో, స్పేరుపార్టుల కొట్టులో బిల్లులు రాసే పని దొరికింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. బందరు దాటి ఎరగదు. నేనూ అంతే.

మన పాలెంలో బెజవాడ తెలిసినవాడు లారీ మంగరాజు ఒక్కడే.

“బాబాయ్, ఆ ఊళ్లో ముందుగా పలకరించినోడే దొంగ. గేటున్న ఇల్లు చూడు. కాలవగట్టు వైపు మాత్రం పోమాక,” అన్నాడు.

గది వెతుక్కుంటూ, తెలియక కాలవగట్టు సందులోకే వెళ్లాం.

సందు మొదట్లో ఒక ముసలామె పీటేసుకుని చుట్ట కాలుస్తోంది.

“ఎవరింటికయ్యా?”

“నీకెందుకు?”

“పిల్ల నీ కూతురా? ఒక్కతే ఉంటదా?”

మీ అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

“పనికి ఏ బస్సుకి పోతది? మళ్లీ ఎన్నింటికొస్తది?”

“నీలాంటోళ్ల కళ్లు పడకుండా వస్తదిలే.”

“బానే అరుస్తున్నావు. ఏ బస్సో చెప్పి, ఆ తర్వాత అరుచుకో.”

పక్కకి ఉమ్మేసి వచ్చేశాను.

ఆ ఓనరు, రామకోటేశ్వరరావు గారి ఇల్లు ఆ వెనక వీధిలోనే. ఎత్తు గేటు. గోడ మీద గాజుపెంకులు.

“మా పోర్షన్లలో ఎవరి గోల వారిదండీ. నాలుగేళ్ల నుంచి ఉన్నవాళ్ల పేర్లే నాకు తెలీవు,” అన్నాడాయన.

“మాక్కావలసింది అదేనండీ,” అన్నాను.

బస్సుకి ఆ సందు ముందు నుంచే పోవాలి. ముసల్ది ఏమడిగినా పలకొద్దని మీ అమ్మకు ఒట్టు పెట్టి వచ్చాను.

రోజూ సాయంత్రం “వచ్చావా?” అనేదట ఆమె. మీ అమ్మ తల దించుకుని వెళ్లిపోయేదట.

రెండో నెలలో మా ఐసు ఫ్యాక్టరీకి ఫోనొచ్చింది. పిల్ల ఆసుపత్రిలో ఉంది, ఒంటి మీద తెలివి లేదు అని.

ఓనరు గారే చేర్పించి ఉంటారనుకున్నాను. దారి పొడుగునా ఆయనకు దణ్ణాలు పెట్టుకుంటూ వెళ్లాను.

మంచం దగ్గర ఆ ముసలామె ఉంది. మీ అమ్మ మెడలో గొలుసు లేదు. అది ఆమె కొంగు ముడిలోంచి బయటికి వేలాడుతోంది.

జుట్టు పట్టుకున్నాను కీర్తనా. రాయి, అది కూడా రాయి.

“ఒళ్లు తెలీని పిల్ల మెళ్లో గొలుసు తీస్తావా, దొంగదానా?”

వార్డంతా చూశారు. ఆమె కొంగు ముడి విప్పి, గొలుసు నా చేతిలో పెట్టింది.

“ఏ బస్సో చెప్పమన్నాను. చెప్పావు కాదుగా,” అంది. వెళ్లిపోయింది.

నర్సు మార్త గబగబా వచ్చింది.

“ఏంటండీ అలా తరిమేశారు? ఆదెమ్మ గారు మీ చుట్టం కాదా?”

“చుట్టమేంటి? దొంగ.”

“ఎక్స్‌రే తీసేప్పుడు గొలుసు తీసి ఆవిడ చేతికిచ్చింది నేనండీ. పిల్ల రెండు రోజులుగా బస్సుకి రావట్లేదని గేటు గేటుకీ తిరిగి అడిగిందంట. తలుపు గడియ విరగ్గొట్టి, జ్వరంతో పడున్న పిల్లని రిక్షాలో ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చింది. ఇంకో పూట ఆగితే దక్కేది కాదన్నారు డాక్టరు గారు.”

గొలుసు మీ అమ్మ మెళ్లో వేసి, మంచం పక్కన కూర్చున్నాను.

మన పాలెంలో మగాళ్లు సముద్రం మీద వేటకెళితే, వీధి మొదట్లో పీటేసుకుని కూర్చునేది ఎవరనుకున్నావు? మా అమ్మే. కొత్తవాడు ఎవడొచ్చినా “ఎవరింటికయ్యా?” అనేది. ఏ ఇంటి పొయ్యి రాజకపోయినా ముందు ఆమెకే తెలిసేది. ఆమె చేతుల్లో పెరిగినవాణ్ణి, నేను గుర్తుపట్టలేకపోయాను.

మీ అమ్మ మర్నాడు కళ్లు తెరిచింది.

“నన్నెవరు తీసుకొచ్చారు నాన్నా?”

నిజం చెబితే, ఆమె జుట్టు పట్టుకున్న సంగతీ చెప్పాలి.

“ఓనరు గారమ్మా,” అన్నాను.

నెల తిరిగాక మొహం చెల్లక చెల్లక, సంచీ నిండా ఎండురొయ్యలు తీసుకుని ఆ సందుకి వెళ్లాను. గట్టు మీద గుడిసెలన్నీ తీయించేశారు. సందు మొదట్లో మూడు పొయ్యిరాళ్లున్నాయి. ఎవర్నడిగినా, ఎటు పోయారో ఏమో అన్నారు.

ఆ సంచీ వెనక్కి మోసుకురాలేక ఓనరు గారి గేటు దగ్గర ఇచ్చేశాను. మీ అమ్మ అది చూసి మురిసిపోయింది. అప్పట్నుంచీ ఏడాది తప్పనివ్వలేదు.

ఇక చాలు. మీ అమ్మ బస్సు దిగి, కాళ్లు కడుక్కున్నాక ఇది చదివి వినిపించు తల్లీ. పదిహేనేళ్లుగా ఆ రొయ్యలు తింటున్న ఇంట్లో, తనకు అప్పుడు జ్వరమొచ్చిందన్న సంగతే ఎవరికీ తెలియదని చెప్పు.