గోరింక ఇంగ్లీషు పాఠం

బడి కిటికీ పైన కాపురముంటున్న గోరింకకు ఒక ఇంగ్లీషు మాట పట్టుబడింది. ఇక దానికి కాలు నిలవలేదు. తుర్రున వచ్చి పెరట్లో కోడిపెట్ట ముందు వాలింది.

"వదినా, 'చాటర్' అంటే ఏంటో తెలుసా?"

"మాకెందుకు తెలుస్తుందమ్మా!" అంది పిల్లలకు గింజలు గీరిపెడుతున్న పెట్ట, ఒక కన్ను ఆకాశం మీదే ఉంచి.

"పనీపాటా లేకుండా గలగలా వాగడం! పిచ్చుకలు పొద్దస్తమానం చేసేది అదే. కాకుల సంగతి సరేసరి. ఆ బాతులున్నాయి చూడూ..." అంటూ గోరింక పెరట్లో నోరున్న ప్రతిదాని గురించీ ఏకరువు పెట్టింది. కోడిపిల్లలు నోళ్లు తెరుచుకుని దాని చుట్టూ చేరాయి.

అంతలో పెట్ట గొంతు అణిచి "కుర్ర్‌ర్" మంది. గద్ద వస్తోంది, రెక్కల కిందికి రండని తల్లి పిలిచే పిలుపు అది. గోరింక గోలలో ఒక్క పిల్లకీ వినపడలేదు. పెట్టే ఒక్క దూకు దూకి పిల్లల్ని కప్పేసింది. గద్ద గోళ్లకు గోరింక తోక ఈకలు మాత్రం చిక్కాయి.

నీళ్ల గాబు చాటున నక్కిన గోరింక, వణుకు తగ్గీ తగ్గకముందే తల బయటపెట్టింది.

"వదినా, పాఠం ఎక్కడ ఆపాను?"

"నువ్వెక్కడ ఆపావమ్మా!" అంది పెట్ట. "గద్ద ఆపింది."