పాస్‌వర్డు అడిగే చేయి

"పాపా, మళ్ళా అడగతాది."

పాండురంగన్ కేక విని బొమ్మి లేచింది. రాజపాళయంలో మూతబడిన ఓ నూలు మిల్లు షెడ్డును నందకుమార్ అద్దెకు తీసుకుని, తెగిన నూలు అతికించే రోబో చేతిని తయారు చేయిస్తున్నాడు. బొమ్మి అక్కడ ఇంజనీరు. చేతికి అతుకు నేర్పే గురువు మాత్రం పాండురంగనే, ఈ మిల్లులోనే తల నెరిసినవాడు. చేతి వైరు కంప్యూటర్‌కు గుచ్చితే చాలు, దీన్ని తాకనివ్వాలా వద్దా అంటూ కంప్యూటర్ పాస్‌వర్డు అడుగుతుంది. బొమ్మి వచ్చి కొట్టాలి. ఏం మాయరోగమో గానీ, ఆ వైరు మాటిమాటికీ ఊడుతుంది.

"నాకు ఇంగ్లీషు ఎళుత్తులు చదివేదానికి రాదు కదా. ఇంత దానికి నిన్ను లేపాల్సి వచ్చె," అని ఆయన నొచ్చుకున్నాడు.

"ఉండనీండి తాతా. నిన్న మా అవ్వ కథ సగంలో నిలిపినారే?"

అవ్వ జక్కమ్మ బొమ్మి పుట్టకముందే పోయింది. ఇంట్లో ఫొటో కూడా లేదు. ఈ మిల్లులో ఆమె పక్క మిషను మీద పనిచేసినవాళ్ళలో మిగిలింది ఈయనొక్కడే.

"కుక్కపిల్ల కథనా? చోళపురం నుంచి కొంగులో పెట్టుకొని తెచ్చినాది. వేస్టు దూది కుప్పలో దాచినాది. సూపర్‌వైజరు వచ్చి ఆ కుప్ప మీదనే కూర్చున్నాడు."

"అప్పుడు?"

"అప్పుడేమి, కుప్ప మొరిగినాది."

బొమ్మి పడీపడీ నవ్వింది. అవ్వ ఎదురుగా నిలబడినంత సంతోషమేసింది. అంతలో నందకుమార్ వచ్చాడు.

"బొమ్మీ, రేపు సేత్తూరు మిల్లుకు ఒక చేయి పంపాల. ఆడ పాస్‌వర్డు కొట్టేదానికి నువ్వు ఉంటావా? అది అడగకుండా ఒక రూలు రాసి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలో పెట్టేయి."

"సరి సార్."

వైరు గుచ్చగానే 'ఈ చేయి మనదే, తాకనివ్వు' అని కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌కు చెప్పే నాలుగు ముక్కల రూలు అది. బొమ్మి రాసింది, ప్యాకేజీ కట్టింది, సాయంత్రానికల్లా పాండురంగన్ కంప్యూటర్‌లోకీ ఎక్కించింది.

"చూడండి తాతా, ఇంక అడగదు."

"మంచిదే పాపా," అన్నాడాయన, వైరు వంకే చూస్తూ.

మర్నాడు కేక వినబడలేదు. చేయి బుద్ధిగా పాఠం నేర్చుకుంది. పాండురంగన్ పని ముగించి, అన్నం తెచ్చుకున్న తూక్కుచట్టి పట్టుకుని తళవాయిపురం బస్సెక్కి పోయాడు. ఆ మర్నాడూ అంతే. ఊరికే వెళ్ళి కథ చెప్పమంటే పెద్దాయన పని చెడగొట్టినట్టవుతుందని బొమ్మికి మొహమాటం. అవ్వ రెండోసారి పోయినట్టనిపించి, ఆమెకు అన్నం కూడా సయించలేదు.

సేత్తూరు చేయి ఎలాగూ తన ప్యాకేజీతో వెళ్ళిపోయింది. ఇక్కడ ఒక్క కంప్యూటర్‌లో లేకపోతే కొంపలేం మునగవులే అనుకుని, పాండురంగన్ దాంట్లోంచి మాత్రం ప్యాకేజీని తీసేసింది.

తెల్లారి కావాలనే ఆలస్యంగా వచ్చి కిటికీ దగ్గర ఆగింది. ఆయన వైరు గుచ్చాడు. తెర మీద పాస్‌వర్డు అడిగింది. ఇప్పుడు పిలుస్తాడని ఆమె ఆశగా చూసింది. ఆయన పిలవలేదు. కళ్ళజోడు సర్దుకుని, ఒంటి వేలితో టకటకా పాస్‌వర్డు కొట్టాడు. చేయి కదిలింది.

బొమ్మి చెప్పులతో చప్పుడు చేసుకుంటూ తలుపు తోసింది.

పాండురంగన్ గబుక్కున వైరు పీకేశాడు.