ఏదీ అవదన్న పూచీ

చంద్రుడి మీది తమ ఇంటికి పెద్దాడపడుచు పైడమ్మ భూమ్మీంచి చుట్టపుచూపుగా వస్తోందని కనకం బీమా యంత్రాన్ని పిలిచింది. బీమా లేనిదే ఓడ ఎక్కనివ్వరు.

“ఆవిడకు ఏ ఆపద వస్తే ఆదుకోవాలో నోటితో చెప్పండి,” అంది యంత్రం.

కనకం భయంగా పైకి చూసింది. చెడు పలికితే పైనుంచి తథాస్తు దేవతలు వింటారు కదా! ఇక్కడికైతే వాళ్లు మరీ దగ్గర.

“ఏదైనా అయితేనండీ...”

“ఏదైనా అంటే?”

“గుండెపోటని చెప్పెయ్యమ్మా!” అని విసుక్కుంది కూతురు హరిణి.

“నోర్ముయ్యవే! మా వదినకి గుండెపోటు రాదు, కాలు విరగదు, ఏదీ అవదు!”

“సంతోషమండీ. ఏదీ అవదని మీరే పూచీ పడ్డారు. ఏమైనా అయితే వైద్యం మీరే చేయించాలి. ఆవిడను ఓడ ఎక్కిస్తున్నాం.”

కనకం కూతురి వైపు తిరిగింది.

“ఒసేయ్ హరిణీ, ఇంతకీ నేను బీమా కొన్నానా, అమ్మానా?”